మాస్టారింటి కుశలదీపం

ఆరు కొట్టేసరికి ఉప్పుటేరు పక్క వీధిలో అందరూ ఏదో ఒక పని కల్పించుకుని బయటికి వస్తారు. ఒకరు చీపురు పట్టుకొస్తారు, ఒకరు పూలకుండీలకు నీళ్ళు పోస్తారు, ఏ పనీ దొరకనివాళ్ళు గేటు దగ్గర నిలబడి ఒళ్ళు విరుచుకుంటారు. అసలు పని మాత్రం అందరికీ ఒకటే. ఎదుటివాళ్ళ గుమ్మం మీద దీపం ఏ రంగులో వెలిగిందో చూడాలి.

కాకినాడలో ఇప్పుడు గోడనాడి లేని ఇల్లు లేదు. వెంట్రుకంత సన్నని తీగలు గోడల్లో పాకి ఉంటాయి. ఇంటి వైరింగునంతా, గేటు దగ్గర బండికి కరెంటు మేత పెట్టే స్తంభంతో సహా, అవి రోజూ తెల్లవారుజామున ఒకసారి తడిమి చూస్తాయి. అంతా సవ్యంగా ఉంటే గుమ్మం మీది కుశలదీపం ఆకుపచ్చగా వెలుగుతుంది. ఎక్కడైనా లోపముంటే పసుపు రంగుకు మారుతుంది, ఇంటి యజమాని పేరు వీధి మొగలో పలక మీదికెక్కుతుంది. కబురందుకున్న క్షేమశాఖ మరమ్మతు చీమల్ని పంపుతుంది. గోరంత యంత్రాలవి. గొట్టాల్లోంచి పాకివెళ్ళి, తెగినదాన్ని అతికి, వదులైనదాన్ని బిగించి వెనక్కి వచ్చేస్తాయి. ఇంత సుఖం మరిగాక జనానికి స్క్రూడ్రైవరు ఎటు తిప్పాలో కూడా మర్చిపోవడానికి ఇరవయ్యేళ్ళు చాలాయి.

దీపం పెట్టినవాళ్ళ ఉద్దేశం మంచిదే. పక్కింట్లో లోపముందని తెలిస్తే ఇరుగుపొరుగు జాగ్రత్తపడతారని అనుకున్నారు. వీధి దాన్ని మరోలా అర్థం చేసుకుంది. పసుపు దీపం ఇంట్లో మంచినీళ్ళు పుచ్చుకోరు. పిల్లల్ని ఆ గుమ్మం తొక్కనివ్వరు. సంబంధాలు చూసేవాళ్ళు కులగోత్రాలకన్నా ముందు పదేళ్ళ దీపం చరిత్ర అడుగుతున్నారు. గోడనాడిని తయారుచేసినవాళ్ళు ఎలకల గురించి ఆలోచించారు, ఉప్పుగాలి గురించి ఆలోచించారు, తుఫాన్ల గురించి ఏకంగా మూడేళ్ళు ఆలోచించారు. మనిషి సిగ్గు గురించి మాత్రం ఎవరికీ తోచలేదు.

ఆ మంగళవారం ఉదయం వీధిలో నలభై ఇళ్ళకు ముప్పై తొమ్మిది ఆకుపచ్చగా వెలిగాయి. చివరిది ఎప్పటిలాగే పసుపు. అది ఆటో నడిపే నూకరత్నం ఇల్లు. గోడలు పాతవి, గొట్టాలు ఇరుకు, చీమలు పట్టవు. గోడ పగలగొట్టే బృందం వస్తుందని శాఖవాళ్ళు మూడేళ్ళుగా చెబుతున్నారు.

కామేశం మాస్టారు తన గుమ్మం మీది ఆకుపచ్చ దీపాన్ని ఒక్కసారి చూసి చప్పున తల తిప్పుకున్నారు. ఫిబ్రవరి నుంచీ ఆయన దాన్ని నిలకడగా చూడలేకపోతున్నారు.

మాస్టారు ఐటీఐలో ముప్పయ్యేళ్ళు వైరింగు పాఠం చెప్పారు. ఒక హోల్డరు, ఒక బల్బు, రెండు వైరు ముక్కలు, అంతే ఆయన టెస్ట్ ల్యాంపు. "ముందు కరెంటు బతికున్న చోట పెట్టి చూడు. వెలిగిందా? అప్పుడు అనుమానమున్న చోట పెట్టు. మళ్ళీ బతికున్న చోటికి రా. బల్బే మాడిపోయి ఉంటే నువ్వు పోతావురా అబ్బాయ్" అని ఏ బ్యాచికైనా మొదటిరోజే చెప్పేవారు. ఇనుప వస్తువు దేన్నైనా ముందు చేతి వెనకవైపుతో తాకమనేవారు. కరెంటుంటే కండరం ముడుచుకుని చెయ్యి దానంతటదే వెనక్కొస్తుంది. అరచేత్తో పట్టుకుంటే ఆ పట్టు వదలదు. ఆయన ఇంట్లో బీరువా తలుపు కూడా భార్య వర్ధనమ్మ చేతి వెనకవైపు ఆనించి చూశాకే తెరిచేది. ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆవిడకు అంటిన విద్య అదొక్కటే.

ఫిబ్రవరిలో ఒకరోజు తెల్లవారుజామున అయిదున్నరకు గోడనాడి ఇంటి యజమానికి మాత్రమే వినబడేలా చెప్పింది. "మీ ఇంటి ఎర్తు చెడిపోయింది. ఆరు గంటలకు దీపం మారుతుంది."

మాస్టారు మంచం మీద లేచి కూర్చున్నారు. చెడిందంటే చెడదూ మరి. పెరట్లో, దారి తప్పిన కరెంటును నేలలోకి దించే ఎర్తు గుంత ఉంది. అందులో బొగ్గూ ఉప్పూ వేసి రాగిపలక పాతిపెట్టింది ఆయనే. ఎండాకాలమంతా రోజూ బిందెడు నీళ్ళు పోయాలని వందలమందికి చెప్పిందీ ఆయనే. గోడనాడి వచ్చాక అన్నీ అదే చూసుకుంటుందిలెమ్మని నీళ్ళు పోయడం మానేశారు. రాగిపలకను చిలుము తినేసింది. అరగంటలో ఆయన గుమ్మం మీద పసుపు దీపం, వీధి పలక మీద ఆయన పేరు. వైరింగు మాస్టారింటికి వైరింగు దోషం!

టార్చి పట్టుకుని గేటు పక్కన ఉన్న డబ్బా తెరిచారు. మేత స్తంభానికి తీగలు వెళ్ళేదీ, నాడి ఎర్తును చదివేదీ ఆ డబ్బాలోనే. ఒక వైరు ముక్క తీసుకుని ఎర్తును న్యూట్రల్‌కు కలిపేశారు. కరెంటు తిరిగి వెళ్ళే దారి న్యూట్రల్. నాడికి అదే ఎర్తులా కనిపించింది. ఆరింటికి దీపం ఆకుపచ్చగా వెలిగింది.

దీన్ని దొంగ ఎర్తు అంటారు. ఆ న్యూట్రల్ ఎప్పుడైనా వదులైతే, వెనక్కి పోవలసిన కరెంటు బండి ఒంట్లోకి వచ్చి కూర్చుంటుంది. ఏటేటా నల్లబల్ల మీద బొమ్మ గీసి మరీ చూపించి, "ఇలా కలిపినవాడు నా శిష్యుణ్ణని బయట చెప్పుకోకూడదు" అనేవారు మాస్టారు.

మర్నాడే గుంత తవ్వి కొత్త పలక వేద్దామనుకున్నారు. గుంత తవ్వితే పక్కింటివాళ్ళు చూస్తారు. చూస్తే అడుగుతారు. అలా ఆ మర్నాడు జూన్ దాకా రాలేదు.

మంగళ, శనివారాల్లో ఎనిమిదిన్నరకు నూకరత్నం ఆటో వస్తుంది. వర్ధనమ్మ అందులో కూరగాయల మార్కెట్టుకు వెళ్తుంది. వీధి మొత్తం మీద నూకరత్నం ఇంట్లో అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగేది ఆవిడొక్కర్తే. "ఆ దీపం చూసైనా ఆలోచించవా?" అని మాస్టారు విసుక్కునేవారు. "నేను నీళ్ళు తాగుతున్నాను, కరెంటు తాగట్లేదు" అనేదావిడ.

ఆ మంగళవారం మొదటి వాన పడింది. గేటు దగ్గర నేల తడిసి ఉంది. అంతకుముందు మాస్టారు తన బండికి రెండు గంటలు మేత పెట్టి తీశారు. అంతసేపటి కరెంటుకు డబ్బాలో న్యూట్రల్ మీద ఆయన వేసిన జాయింటు వేడెక్కి వదులైంది. గోడనాడి మళ్ళీ తడిమి చూసేది మర్నాడు తెల్లవారుజామునే. అమ్మగారు వచ్చేలోగా బండికి నాలుగు ముద్దలు పడతాయిలెమ్మని నూకరత్నం ఆ స్తంభానికే తన ఆటో తగిలించి, సంచులు అందుకోవడానికి వరండా ఎక్కింది. వర్ధనమ్మ తడికి జారుతున్నాయని చెప్పులు గేటు దగ్గర విడిచి, ఒక చేతిలో గొడుగుతో, రెండో చేత్తో ఆటో కడ్డీ పట్టుకుంది. హడావుడిలో ఆ ఒక్కసారీ చేతి వెనకవైపు ఆనించలేదు.

కేక బయటికి రాలేదు. గొడుగు పడిన చప్పుడుకు నూకరత్నం వెనక్కి తిరిగింది. వరండాలో ఉన్న పీట అందుకుని వచ్చి వర్ధనమ్మ చేతి మీద గట్టిగా కొట్టింది. పట్టు విడిపోయింది. ఆవిడ కూలబడిపోయింది.

మాస్టారు లోపల్నుంచి పరిగెత్తుకొచ్చి మెయిన్ ఆపారు. ఏం జరిగిందో ఆయనకు ఒక్క క్షణంలో అర్థమైంది. నలుగురూ పోగై వర్ధనమ్మను ఆటోలోకి ఎత్తుతున్నారు. నూకరత్నం "అమ్మగారూ, అమ్మగారూ" అంటూ ఆవిడ తల పట్టుకుంది. అందరి చూపూ అటే ఉంది. మాస్టారు డబ్బా మూత తీశారు. జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి ఆ జాయింటు బిగించారు. మూత పెట్టారు. ఆయన తల తిప్పేసరికి ఆటో మలుపు దాటేసింది. ఆసుపత్రికి తన బండిలో వెళ్ళారు.

వర్ధనమ్మ బతికింది. కుడిచెయ్యి కాలింది, గుండె రెండు రోజులు లయ తప్పింది. డాక్టరు అదృష్టమన్నాడు.

క్షేమశాఖవాళ్ళు ఆ మధ్యాహ్నమే వచ్చి గోడనాడిని చదివారు. అంతా భేషుగ్గా ఉందని వచ్చింది. ఇక మిగిలింది ఆటో, అదీ పసుపు దీపం ఇంటి ఆటో. వీధిలో ఎవరికీ వేరే సాక్ష్యం అవసరం లేకపోయింది. నూకరత్నం బండి నడిపే అనుమతి ఆపేశారు. విచారణలో తప్పు ఆమెదని తేలితే ఇక జన్మలో ఆమె చేతికి బండి ఇవ్వరు.

మాస్టారు ఆసుపత్రిలో భార్య పక్కన నాలుగు రోజులు కూర్చున్నారు. ఆవిడ అన్నం తినిపించమంటే తినిపించారు. చెబుదామని రోజుకు పదిసార్లు నోరు తెరిచారు, ప్రతిసారీ "మంచినీళ్ళు కావాలా?" అని అడిగారు.

అయిదో రోజు వార్డు కార్యాలయంలో విచారణ జరిగింది. విచారించేది నస్రీన్ అనే అధికారిణి. ముప్పయ్యేళ్ళుంటాయేమో, నెమ్మదిగా మాట్లాడుతుంది. చేతికి కట్టుతో వర్ధనమ్మ కూడా వచ్చి ముందు వరసలో కూర్చుంది. వీధి సగం వచ్చింది.

"ఆ రోజు మీ ఆటో పరీక్షించుకున్నారా నూకరత్నం గారూ?" అని నస్రీన్ అడిగింది.

"పొద్దుటే చూసుకున్నానండి. మాది పసుపు దీపం కదండీ, మేం చూసుకోకపోతే ఎవరు చూస్తారండి? రోజూ టెస్ట్ ల్యాంపు పెట్టి బండి చూస్తాను, ప్లగ్గులన్నీ చూస్తాను. ఎర్తు గుంతలో బిందెడు నీళ్ళు పోస్తాను. బయట ఎక్కడ మేత పెట్టినా సరేనండి, ముందు ఆ స్తంభానికి ల్యాంపు పెట్టి చూసి మరీ తగిలిస్తాను. ఇందుకే జనం తిడతారు కూడానండి, మమ్మల్ని అనుమానిస్తున్నావా అని."

"మరి కామేశం గారి స్తంభం చూశారా?"

నూకరత్నం తల దించుకుంది. "లేదండి."

"ఎందుకని?"

"మాస్టారిల్లు కదండీ."

నస్రీన్‌కు అర్థం కాలేదు. నూకరత్నం చీర కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "ఆరు నెలలు సాయంత్రం క్లాసులో ఆయన దగ్గరే నేర్చుకున్నానండి ఇదంతా. ఆయనకి గుర్తుండదులెండి, వెనక బల్ల మీద కూర్చునేదాన్ని. ఆయన గుమ్మంలో నిలబడి, ఆయన స్తంభానికే ల్యాంపు పెట్టి చూడటమంటే బాగోదు కదండీ. ఊరంతా చూస్తాను గానీ అక్కడ ఎప్పుడూ చూళ్ళేదు. చూడకపోవడం నాదే తప్పు. అది రాసుకోండి."

నస్రీన్ రాసుకోవడం మొదలుపెట్టింది.

మాస్టారు ఆ కదిలే కలం వంకే చూశారు. తనకు శిష్యురాలని కూడా గుర్తులేని మనిషి తన మీది గౌరవంతో ఒక జాగ్రత్త వదిలేసి, ఆ వదిలేసినదాన్ని తన నేరంగా ఒప్పుకుంటోంది. సిగ్గంటే పలక మీద పేరెక్కడమని నాలుగు నెలలుగా అనుకుంటున్నారు ఆయన. అసలు సిగ్గు ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. లేచి నిలబడ్డారు.

"ఆపండమ్మా, రాయకండి. తప్పు నాది. మా డబ్బాలో దొంగ ఎర్తు ఉంది. నేనే కలిపాను."

గదిలో గుసగుసలు లేచాయి. నస్రీన్ కలం ఆపి చూసింది. "మీ ఇంటి రీడింగు బాగుందండీ."

"మూత తీసి కంటితో చూశారా?"

"కంటితో చూసే పద్ధతి ఇప్పుడు లేదండీ. నాడి చెప్పిందే ప్రమాణం." ఆమె తన చేతిలోని తెర మీద ఏదో వెతికి చదివింది. "మీరన్నట్టు దొంగ ఎర్తే అనుకుందాం. న్యూట్రల్ వదులైతే తప్ప బండి ఒంట్లోకి కరెంటు రాదు కదా. వదులై ఉంటే ఆ మధ్యాహ్నం మా రీడింగులో పడి ఉండాలి. పడలేదు. నూకరత్నం గారిని కాపాడాలని చెబుతున్నారేమో."

ఇక్కడే కూర్చుండిపోతే సరిపోయేది. జాలిపడి తప్పు మీద వేసుకున్న పెద్దమనిషిగా ఇంటికి వెళ్ళొచ్చు. ఆ ఊహ కూడా వచ్చింది మాస్టారికి. వచ్చినందుకు మరింత సిగ్గేసింది.

"పడదమ్మా. అప్పటికే బిగించేశాను."

"ఎప్పుడు?"

ఆయన నస్రీన్ వంక చూడలేదు. ముందు వరసలోకి కూడా చూడలేకపోయారు. గోడ మీది కిటికీకేసి చూస్తూ అన్నారు.

"మా ఆవిణ్ణి ఆటోలోకి ఎత్తుతున్నప్పుడు."

కుర్చీ జరిగిన చప్పుడైంది. వర్ధనమ్మ లేచి, ఎడమచేత్తో సంచి అందుకుని బయటికి నడిచింది. నూకరత్నం ఆవిడ వెనకే వెళ్ళి సంచి పుచ్చుకుంది.

నూకరత్నానికి అనుమతి తిరిగి ఇచ్చారు. మాస్టారు దొంగ ఎర్తు విప్పేశారు. మర్నాడు ఆరింటికి ఆయన ఇంటి దీపం పసుపుగా వెలిగింది. పలక మీద పేరెక్కింది. ఎనిమిదింటికి, వీధంతా చూస్తుండగా, ఆయన పలుగు పట్టుకుని గుంత తవ్వడం మొదలుపెట్టారు. చిలుము తినగా మిగిలిన రాగిముక్క అరచేతిలో పట్టింది. కొత్త పలక దించి, బొగ్గూ ఉప్పూ వరసలుగా వేసి, నీళ్ళు పోశారు. నాడి కొత్త ఎర్తును చదివి బాగుందన్నాక కూడా దీపం నెలరోజులు పసుపుగానే ఉంచుతారట, దొంగ ఎర్తు కలిపినందుకు. ఉంచమన్నారు మాస్టారు.

ముందు గుమ్మంలోకి ఎవరూ రాలేదు. వెనక గుమ్మంలోకి వచ్చారు, మిట్టమధ్యాహ్నం, వీధి కునుకు తీసేవేళ. మొదట పక్కింటి భాస్కరమూర్తి గారు వచ్చారు.

"మాస్టారూ, మాదీ అంతేనండి. రెండేళ్ళైంది కలిపించి."

"ఎవరు కలిపారు?"

"మీ దగ్గర చదువుకున్న కుర్రాడేనండి. మీరు బోర్డు మీద బొమ్మ వేసి చూపించారట కదా." ఆయన గొంతు తగ్గించారు. "దీపం మారకుండా సరిచేసే మార్గం ఏదైనా ఉంటే..."

ఆదివారానికి అలా పదిహేడు మంది వచ్చారు. నలభై ఇళ్ళ వీధిలో ఎన్ని ఆకుపచ్చలు నిజమో మాస్టారికి లెక్క తేలలేదు. నిజం చెబుతూ వచ్చిన దీపం ఏదో మాత్రం తెలిసింది. ఆ ఇంట్లో ఆయన గుక్కెడు నీళ్ళు కూడా పుచ్చుకోలేదు.

"ముందు పసుపు వెలగనివ్వండి. వెలిగిన రోజున పలుగుతో సహా నేనే వస్తాను" అని అందరికీ ఒకే మాట చెప్పారు. ముగ్గురు ఒప్పుకున్నారు. మిగతావాళ్ళు ఆలోచించి చెబుతామని వెనక గుమ్మంలోంచే వెళ్ళిపోయారు.

వర్ధనమ్మ ఇంట్లో అవసరానికి మించి మాట్లాడటం లేదు. ఒకరోజు కాఫీ గ్లాసు కింద పెడుతూ అడిగింది.

"ఎంతసేపు పట్టింది?"

"ఏమిటి?"

"ఆ మర బిగించడానికి."

"రెండు నిముషాలు."

"కళ్ళు కనబడలేదు నాకు. మీ చెయ్యి కోసం తడిమాను. నూకరత్నం చెయ్యి దొరికింది" అని లేచి లోపలికి వెళ్ళిపోయింది. మాస్టారు చల్లారిన కాఫీ ముందు కూర్చుని ఏడ్చారు. ఆవిడకు వినబడకూడదని నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నారు.

తరవాతి శనివారం ఎనిమిదిన్నరకు ఆటో వచ్చింది. నూకరత్నం దిగింది గానీ స్తంభం దగ్గరికి పోకుండా గేటు బయటే నిలబడింది. చేతిలో టెస్ట్ ల్యాంపు ఉంది. కొంగు చాటున పట్టుకుంది.

"మాస్టారండీ, ఏమీ అనుకోకపోతే..."

"అనుకుంటాను. చూడకుండా తగిలిస్తే అనుకుంటాను" అన్నారు ఆయన. "లోపలికి రా. ముందు వరండా ప్లగ్గులో చూడు."

వరండాలో బల్బు వెలిగింది. తరవాత స్తంభం దగ్గరికి వచ్చి ఒక వైరు ప్రాణమున్న రంధ్రంలో, రెండోది ఎర్తు రంధ్రంలో పెట్టింది. బల్బు నిండుగా వెలిగింది. మళ్ళీ వరండాకు వెళ్ళి మరోసారి చూసుకుంది. ఎదురింటివాళ్ళు కిటికీలోంచి చూస్తున్నారు. తన గుమ్మంలో తన శిష్యురాలు తనను పరీక్ష చేస్తుంటే మాస్టారు హోల్డరు వైరు కాళ్ళకు తగలకుండా ఎత్తి పట్టుకుని ఆమె వెంట తిరిగారు.

"బాగుందండి" అంది నూకరత్నం.

"ఎప్పుడొచ్చినా చూడు."

వర్ధనమ్మ సంచులతో వచ్చింది. కుడిచేతికి ఇంకా పల్చటి కట్టు ఉంది. ఎడమచెయ్యి చాపి, వేళ్ళ వెనకవైపు ఆటో కడ్డీకి ఆనించింది. ఏమీ కాలేదు. మెట్టు ఎత్తుగా ఉంది. ఒంటిచేత్తో ఎక్కడం కష్టమని మాస్టారు ముందుకు వచ్చి తన చెయ్యి అందించారు.

వర్ధనమ్మ ఆ చేతిని చూసింది. కావాలని చేసిందో, అలవాటు కొద్దీ చేసిందో, వేళ్ళ వెనకవైపే ముందు దానికి ఆనించింది. అక్కడే ఉంచింది. ఆవిడ చెయ్యి ఇటు తిరిగి తన చేతిని పట్టుకుంటుందో లేదో తెలియక మాస్టారు కదలకుండా నిలబడ్డారు.